కంప్యూటరులో కలుపు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీకు కొంచెము వింతగా తోచవచ్చును. సేద్యమును గూర్చియో పశువుల తెగుళ్ళను గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేను చెప్పబోవునదియు కలుపును గూర్చియే. కాని యది చేనిలో మొలచునది కాదు. ఇంటిలో బల్లమీదనుండు కంప్యూటరులో మొలచునది. దీనిని ఆడ్‌వేర్ అందురు. మనము కోరకుండగనే కంప్యూటరులో చేరి, కన్నులయెదుట ప్రకటనలను గుప్పించుచు, మనము పోదలచిన చోటికి గాక తనకు లాభము వచ్చు చోటికి మనలను మరలించు ప్రోగ్రాములకు ఆ పేరు.

"ఇది పిల్లల వ్యవహారము, మాకేల?" యని మీలో కొందరనుకొందురు. నేనును కొన్ని యేండ్ల క్రిందట అట్లే యనుకొంటిని. కాని నేడు భూమి కాగితము చూడవలెనన్న కంప్యూటరే శరణ్యము. 2020లో ధరణి వచ్చెను; 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను; రెండును తెరమీద చూడవలసినవే. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినను, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో గల్ఫు దేశములకు కొడుకునో అల్లునినో పంపని వాడకట్టు అరుదు. ఆ బిడ్డల ముఖము చూచుటకును, వారు పంపిన డబ్బు లెక్క చూచుటకును ఆ తెరయే మనకు గవాక్షము. దానిలో కలుపు మొలచినచో నష్టపడువారము మనమే గాని పిల్లలు కారు.

మా యింటిలో జరిగిన సంగతి చెప్పెదను. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. కోరుట్లకు చేరువ గ్రామము. నా కుమారుడు షార్జాలో నుండి మా కొక కంప్యూటరు కొనియిచ్చెను. ఒకనాడు మా గ్రంథాలయ వార్షికోత్సవమునకు ఆహ్వానపత్రిక తెలుగులో అచ్చువేయవలసి వచ్చెను. అందమైన తెలుగు అక్షరములు కావలెనని మా మనుమడు ఇంటర్నెట్టులో వెదకెను. "ఉచితము" అను పుట యొకటి దొరకెను. ఆ పుటలో "డౌన్‌లోడ్" అను పచ్చని మీటలు మూడుండెను. అందులో రెండు నిజమైన మీటలు కావు. మీటల రూపమున నున్న ప్రకటనలు. వరిమడిలో ఊదగడ్డి వెన్ను వేయువరకు వరిపైరువలెనే కన్పట్టును గదా, అట్లే ఇవియు. పిల్లవాడు వానిలో నొకదానిని నొక్కెను. ఒక ప్రోగ్రాము దిగెను. అది అడిగిన ప్రతి ప్రశ్నకును "తరువాత, తరువాత" యని చదువకయే నొక్కుకొనుచు పోయెను.

మరునాడు నేను వార్తలు చదువ కూర్చుంటిని. మొదటి పుటయే మారిపోయియుండెను. ఎప్పుడును కనబడెడి సెర్చి పుటకు బదులు పేరు వినని మరియొక పుట వచ్చెను. వార్తల నడుమ బట్టతలకు మందులు, జూదపు ఆటలు, ఋణములు. తెర కుడిమూల కింద నిమిషమునకొక చిన్న పెట్టె లేచి "మీ కంప్యూటరులో అయిదు వైరసులున్నవి" యని బెదరించుచుండెను. మనుమని బిలిచి యడిగితిని. "తాతా, నేనేం ఒత్తలే, అదే వచ్చింది" అనెను. వాడు అబద్ధమాడలేదు. తాను నొక్కినదేమో వానికే తెలియదు.

అంతవరకు అది చికాకు మాత్రమే. మూడవనాడు పొరుగింటి యువకుడొకడు మా యింటికి వచ్చెను. దుబాయి పోవలెనని వాని ప్రయత్నము. ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంట్ల పట్టికను విదేశవ్యవహారముల మంత్రిత్వశాఖవారి ఈ-మైగ్రేట్ అను చోట చూడవచ్చునని వానికెవరో చెప్పిరి. మా కంప్యూటరులోనే ఆ పేరు టైపుచేసెను. మారిపోయిన సెర్చి పుట వానికి మొట్టమొదట చూపినది ప్రభుత్వపు చోటు కాదు. డబ్బు చెల్లించి పైకెక్కిన యొక ప్రకటన. దానిలోని నంబరుకు ఫోను చేసెను. అవతలివాడు తియ్యగా మాటలాడి, ఆ సాయంకాలములోపల 15,000 రూపాయలు పంపినచో వీసా కాగితము కదలునని చెప్పెను. పిల్లవాని తండ్రి బీడీల ఆకు వ్యాపారికి బాకీయున్నవాడు. అయినను అప్పు తెచ్చుటకు సిద్ధమయ్యెను. అదృష్టవశమున అదే సమయమునకు మా కుమారుడు ఫోను చేసెను. సంగతి విని, "బాపూ, వాని లైసెన్సు నంబరేదో అడుగుము, తెరపైనున్న చిరునామా అక్షరమక్షరము చదువుము" అనెను. చదివితిమి. అది ప్రభుత్వపు చిరునామా కాదు. లైసెన్సు నంబరడుగగనే అవతల ఫోను పెట్టివేసిరి.

ఇందులో న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ఆ మోసము చేసినది మా కంప్యూటరులోని కలుపు కాదు. అది చేసినదెల్ల మోసగానిని మా గుమ్మము ముందుకు తెచ్చి నిలిపి, నిజమైన వానిని వెనుకకు నెట్టుటయే. కాని దానికదియే వృత్తి. ఎవడు డబ్బిచ్చిన వానిని ముందు నిలుపును. వాడు మంచివాడా చెడ్డవాడా యని విచారింపదు.

ఈ ప్రకటనల కలుపు ఎట్లు బ్రదుకునో తెలిసికొనుట యవసరము. ప్రకటన యొకసారి చూపబడినందుకును, ఒకరు దానిని నొక్కినందుకును ప్రకటనకర్త కొంత సొమ్మిచ్చును. అది నయాపైసలలో నుండును. కాని లక్షల తెరలమీద దినమెల్ల చూపిన నది పెద్ద మొత్తమగును. కావున ఆడ్‌వేరు తయారుచేయువాడు దానిని ఎన్ని యిండ్లలో చొప్పించినచో నంత లాభము. తానై యెవరును తెచ్చుకొనరు గనుక, జనులు కోరి తెచ్చుకొను ఉచిత వస్తువులతో దానిని కలిపి పంపును. కలిపినవానికి ఇన్ని కంప్యూటర్లకు ఇంత యని దళారీ ముట్టును. మన పొలము గట్లనెల్ల ఆక్రమించిన వయ్యారిభామ మొక్క పరదేశపు ధాన్యముతో కలసి మన దేశమునకు వచ్చినదని శాస్త్రజ్ఞులందురు. గోధుమలు కోరితిమి, వయ్యారిభామ వచ్చెను. ఇదియు నట్లే.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చును: ప్రకటనలు రేడియోలో లేవా? ఉన్నవి. వివిధభారతిలో 1967 నుండియే వచ్చుచున్నవి. కాని రేడియో ప్రకటన చెప్పవలసినది చెప్పి పోవును. మీట త్రిప్పిన నిలిచిపోవును. అది మీ పెట్టె తాళములు తీసి చూడదు, మీరే స్టేషను వినుచున్నారో వ్రాసికొని యెవరికో అమ్ముకొనదు, మీరు హైదరాబాదు స్టేషను త్రిప్పగా మరియొక స్టేషనును వినిపింపదు. ఆడ్‌వేరు ఈ మూడు పనులును చేయును. ప్రకటన చూపించు ప్రతిదియు ఆడ్‌వేరు కాదని కూడ గుర్తింపుడు. వార్తాపత్రికల పుటలలోని ప్రకటనలు ఆ పత్రికలకు జీవనాధారము. మన కంప్యూటరులో కాపురము పెట్టి, మనము పొమ్మన్నను పోనిదే ఆడ్‌వేరు.

ఇది పల్లెటూరి పిల్లలకే కలిగిన ప్రారబ్ధము కాదు. 2014లో లెనోవో అను పెద్ద కంపెనీ తాను అమ్మిన కొన్ని లాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల ప్రోగ్రామును తానే పెట్టి పంపెను. ప్రకటనలు చూపుటకై యది బ్యాంకులవంటి భద్రమైన పుటల తాళమును సైతము మధ్యలో త్రెంచి చూచుచుండెను. అన్ని యంత్రములకు ఒకే తాళపుచెవి వాడుటచే దొంగలకును దారి యేర్పడెను. 2015 ఫిబ్రవరిలో ఇది బయటపడి, కంపెనీ దానిని తొలగింపవలసి వచ్చెను. 2017లో ఫైర్‌బాల్ అను మరియొకటి బయటపడెను. చెక్‌పాయింట్ అను భద్రతాసంస్థ లెక్కప్రకారము ప్రపంచమున 25 కోట్ల కంప్యూటర్లలో అది చేరెను. అందు భారతదేశపువే 2.53 కోట్లు, అన్ని దేశములకంటె మనవే యెక్కువ. ఈ అంకె అతిశయోక్తియని మైక్రోసాఫ్టు సంస్థ వాదించెను. అంకె యెట్లున్నను అది వచ్చిన దారి మాత్రము మా మనుమడు తెచ్చిన దారియే: ఉచిత ప్రోగ్రాముల వెంట వచ్చి, మొదటి పుటను, సెర్చి పుటను మార్చివేసెడిది.

"దీనికి చట్టము లేదా?" యందురేని, కలదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను ప్రకారము, యజమాని అనుమతి లేక అతని కంప్యూటరులో హానికర ప్రోగ్రాము చొప్పించుట తప్పు, నష్టపరిహార మడుగవచ్చును. దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను ప్రకారము మూడేండ్లవరకు ఖైదు, అయిదు లక్షలవరకు జరిమానా. కాని అంతయు "అనుమతి లేక" యను రెండు మాటలలోనే యున్నది. మా మనుమడు "తరువాత" యని నొక్కిన పెట్టెలలో నొకదానియందు, చీమతలలవంటి అక్షరములతో, "మీరు దీనికి ఒప్పుకొనుచున్నారు" అని వ్రాసియుండెను. ఒప్పుకొన్నట్లు గుర్తును ముందే వేసియుంచిరి. మన తాతలు సాహుకారు చూపినచోట చదువురాక వేలిముద్ర వేసిరి. మనము చదువు వచ్చియు వేయుచున్నాము. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది, ఏలయన ఆ పిల్లవానికి చదువు చెప్పినవాడను నేనే.

ఇక తొలగించు విధము. పట్టణములో నొక దుకాణదారుని అడిగితిని. అతడు చూచియు చూడకయే "ఫార్మాటు కొట్టవలెను" అనెను. అనగా అంతయు తుడిచి క్రొత్తగా ప్రారంభించుట. ఆ కంప్యూటరులో స్వర్గస్థురాలైన నా భార్య ఛాయాచిత్రములున్నవి, వేరొకచోట లేవు. కలుపునకై చేను తగులబెట్టుట నాకు సమ్మతము కాలేదు. పాలిటెక్నిక్కులో పనిచేయు నా పూర్వశిష్యుడొకడు ఫోనులో మార్గము చెప్పగా నోటుబుక్కులో వ్రాసికొంటిని. అదే మీకు చెప్పుచున్నాను. ఇది విండోస్ అను పద్ధతితో నడచు కంప్యూటరులకు వర్తించును; మన పల్లెలలో నున్నవి బహుశః అవియే.

మొదట ఛాయాచిత్రములను, కాగితములను వేరొక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి భద్రపరచుడు. ప్రోగ్రాములను మాత్రము ఎక్కింపరాదు. పిమ్మట సెట్టింగ్స్ తెరచి, యాప్స్ అను భాగములో ఇన్‌స్టాల్డ్ యాప్స్ పట్టికను చూడుడు. తేదీలనుబట్టి వరుస పెట్టినచో, ఉపద్రవము మొదలైన దినమున చేరినవి పైకి వచ్చును. మా పట్టికలో ఒకే దినమున నాలుగు చేరియుండెను. మనుమడు కోరినదొక్కటి, వెంట వచ్చినవి మూడు. వానిని ఒక్కొక్కటిగా అన్‌ఇన్‌స్టాల్ చేయవలయును. తీసివేయునపుడును "నిజముగా పొమ్మందురా? ఉంచుకొనరా?" యని తికమకగా నడుగును, నిదానముగా చదివి నొక్కుడు. ఒక హెచ్చరిక: పేరు తెలియదని ప్రతిదానిని పెరికివేయరాదు. కంప్యూటరుతో పుట్టిన ప్రోగ్రాములు, ప్రింటరును నడుపునవియు ఆ పట్టికలోనే యుండును. సందేహమున్నదాని పేరు కాగితముపై వ్రాసి తెలిసినవారి నడుగుడు.

తరువాత బ్రౌజరు, అనగా ఇంటర్నెట్టు చూపు ప్రోగ్రాము. కలుపు వేళ్ళు ముఖ్యముగా దీనిలోనే యుండును. దానిలో ఎక్స్‌టెన్షన్లు అను చిన్న అనుబంధములుండును. మనము పెట్టనివానిని తీసివేయవలయును. పిమ్మట సెట్టింగులలో నోటిఫికేషన్ల పట్టిక చూడవలయును. మా తెర మూలన లేచెడి బెదరింపు పెట్టెల రహస్యమిక్కడ బయటపడెను. అవి వైరసు కానే కావు. ఏదో యొక పుట "మీకు వార్తలు పంపవచ్చునా?" యని యడుగగా ఎవరో "అలో" యని నొక్కిరి, అంతియే. ఆ పేరును పట్టికనుండి తీసివేయగానే పెట్టెలు నిలిచిపోయెను. చివరకు రీసెట్ అనునది నొక్కినచో మొదటి పుట, సెర్చి పుట పూర్వస్థితికి వచ్చును. దాచుకొన్న పాస్‌వర్డులు, గుర్తుపెట్టుకొన్న పుటలు పోవు.

అటుపిమ్మట సోదా. విండోసుతోపాటే డిఫెండరు అను కావలివాడు ఉచితముగా వచ్చును. అతనిచే ఫుల్ స్కాన్ చేయింపుడు. గంటకు పైగా పట్టవచ్చును, ఓపిక పట్టుడు. విండోస్ సెక్యూరిటీలో, అవాంఛిత యాపులను అడ్డగించు మీట యొకటి కలదు. రెప్యుటేషన్-బేస్డ్ ప్రొటెక్షన్ అను శీర్షిక క్రింద నుండును. దానిని వేసియుంచుడు. ఆడ్‌క్లీనర్ అను మరియొక ఉచిత ప్రోగ్రాము ఈ జాతి కలుపునకే ప్రత్యేకముగా పుట్టినది; 2016 నుండి మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారిది. దానిని వారి చోటునుండియే తెచ్చుకొనుడు. మన కేంద్రప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును స్థాపించి, శుభ్రపరచు ప్రోగ్రాములను ఉచితముగా నిచ్చుచున్నది.

ఇంత చేసి సంతోషించితిని. మూడవదినమున కలుపు మరల మొలచెను! సెర్చి పుట మరల మారెను. నాకు తుంగ జ్ఞాపకము వచ్చెను. పైన ఎంత పీకినను భూమిలో గడ్డ యున్నంతవరకు మొలచుచునే యుండును గదా. శిష్యునికి ఫోను చేసితిని. "పంతులుగారూ, మనుమని ఖాతా వేరొక కంప్యూటరులో కూడ తెరచియున్నదా?" యని యడిగెను. ఉన్నది. కరీంనగరములో వాని అన్న వద్ద నున్న లాప్‌టాపులో అదే ఖాతా తెరచియుండెను. ఒక ఖాతాతో రెండు యంత్రములను జోడించినచో, ఒకదానిలోని ఎక్స్‌టెన్షను రెండవదానిలోనికి తానై వచ్చునట. ఇక్కడ పీకితిమి, అక్కడి గడ్డనుండి మొలచెను. రెంటిలోను ఒకే దినమున తీసివేసి, పాస్‌వర్డు మార్చితిమి. అంతటితో పోయెను. బ్రౌజరు గుర్తుమీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో టార్గెట్ అను గడి చివర ఎవరైన పరాయి చిరునామా తగిలించిరేమో చూచుటయు మంచిది. కొన్ని అక్కడ దాగుకొనును.

మరల రాకుండుటకు మేము చేసికొన్న ఏర్పాట్లు కొన్ని. పిల్లలకు వేరు ఖాతా తెరచితిమి. దానితో క్రొత్త ప్రోగ్రాములు పెట్టవలెనన్న చాలవరకు నా పాస్‌వర్డు కావలయును. కాగా దిగవలసిన ప్రతిదియు నా కన్నులబడును. ఏ వస్తువైనను తయారుచేసినవాని చోటునుండియే తెచ్చుట. ఆదిలాబాదు పత్తిరైతులకు నేను ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. సంచిపై ముద్ర, లేబులు, చేతిలో రసీదు లేని గింజ యేమి పండించునో వారు చూచియున్నారు. డబ్బు పెట్టి కొనవలసిన ప్రోగ్రామును దొంగతనముగా ఉచితముగా నిత్తుమనువారి చోట్లు మరింత ప్రమాదకరములు; అచ్చాఫీసుల తెలుగు ప్రోగ్రాముల దొంగప్రతులు కూడ అట్టి చోట్లనే దొరకును. పెట్టునపుడు "ఎక్స్‌ప్రెస్" అనునది గాక "కస్టమ్" అనునది ఎన్నుకొన్నచో, వెంట వచ్చు వస్తువుల పేర్లు తరచుగా కనబడును. ముందే వేసిన గుర్తులను తీసివేయవచ్చును. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములున్నవారు ఆ సంగతి విచారించుకొనవలయును.

ఒక్కొక్కప్పుడు తెరయంతయు ఎఱ్ఱబడి, గంటలు మ్రోగి, "కంప్యూటరు ఆపవలదు, ఈ నంబరుకు ఫోను చేయుడు" అని కనబడును. నిజమైన కావలివాడు ఎన్నడును ఫోను నంబరు చూపడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కిన టాస్క్ మేనేజర్ వచ్చును; అందులో బ్రౌజరును ఎన్నుకొని ముగింపుడు. మరల తెరచునపుడు పాత పుటలను తెమ్మనకుడు. అప్పటికే డబ్బు పంపియున్నచో ఆలోచింపక 1930 నంబరుకు ఫోను చేయుడు. అది సైబరు మోసములకై దేశమంతటికిని ఏర్పడినది. ఎంత త్వరగా తెలిపిన, దొంగ ఖాతాలో డబ్బు నిలువరించుట కంత యవకాశము. పిల్లలు తప్పు చేసి భయపడి దాచినచో ఆ గంటలు వృథాయగును. అందువలన మా యింట వానిని దండింపలేదు.

పొరుగింటి యువకుడు పిమ్మట నమోదైన ఏజెంట్ల పట్టికను సరియైన చోట చూచి, వారిలో నొకని ద్వారా కాగితములు పంపెను. ఇక మా ఆహ్వానపత్రిక సంగతి: మనుమడు వెదకిన తెలుగు అక్షరములు ఏ దొంగచోటికి పోనక్కరలేకయే లభించునవి. గూగులు ఫాంట్ల చోట గురజాడ, ధూర్జటి, మండలి మొదలైన పేర్లతో తెలుగు ఫాంట్లు ఉచితముగా, న్యాయముగా దొరకును. వానిలో గోలకొండ పత్రిక సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారి పేర సురవరము అను ఫాంటు కలదు. దానితోనే పత్రిక అచ్చువేసితిమి. ప్రతి యొకటి మా గ్రంథాలయపు గోడకు ఇప్పటికిని అంటించియున్నది. ఒక అచ్చుతప్పు కూడ నున్నది, అది మాత్రము నాదే.